పక్కమనిషి అక్కర్లేని డ్రోన్

మార్చి 3, ఆదివారం

నాకేం కోపం లేదు. రాయాలనిపించింది, రాస్తున్నాను. మా లిఫ్టుల కంపెనీ ఏటా ఇచ్చే డైరీ ఇది. ప్రతి పేజీ మూలన ఒక చిన్న లిఫ్టు బొమ్మ ఉంటుంది. ఇన్నాళ్లూ వేడి గిన్నెల కింద పెట్టడానికి వాడాను.

డ్రోన్ పోయింది. క్వారీ గుంటలో మునిగింది. వైర్లన్నీ నా చేత్తో అతికించి, నాలుగు మోటార్లూ నేనే బిగించి తయారు చేసుకున్న డ్రోన్. ఎవరికైనా చెబితే పోనీలే, ఇంకోటి కొనుక్కో అంటారు. చెప్పను.

ఎలా పోయిందో మాత్రం రాసి పెడతాను, రేపు ఎవరైనా మాట మారిస్తే చూపించడానికి. కళ్లకు గాగుల్స్ పెట్టుకుని ఎగరేసేటప్పుడు డ్రోన్ కెమెరా ముందు ఏముందో అదొక్కటే కనిపిస్తుంది. డ్రోన్‌కు పక్కన, వెనక ఏముందో కనిపించదు. నా కాళ్ల కింద ఏముందో అసలే కనిపించదు. అందుకే క్వారీ పక్క మైదానంలో ఎగరేసే మా ఆదివారం గుంపులో ఒక కట్టుబాటు ఉంది. గాగుల్స్ పెట్టుకున్నవాళ్ల పక్కన ఇంకో మనిషి నిలబడాలి. మామూలు కళ్లతో ఆకాశంలో డ్రోన్‌ను చూస్తూ, కుడికి స్తంభం ఉంది, పైకి లేపు అని చెబుతూ ఉండాలి. ఆ మనిషిని పక్కమనిషి అంటాం. పక్కమనిషి లేకుండా గాగుల్స్ పెట్టుకుంటే కెప్టెన్ వచ్చి లాగేస్తాడు. కెప్టెన్ ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. డ్రోన్ల దుకాణం ఆయనది. తల మీద టోపీ తీయడు కాబట్టి ఆ పేరు.

నా పక్కమనిషి అక్క. సొంత అక్క కాదు, తోడికోడలు. బావగారి భార్య. కింది వాటాలో వాళ్లు, పై వాటాలో మేము. ముందు గదిలో మిషన్ పెట్టుకుని స్కూలు యూనిఫారాలు, కర్టెన్లు కుడుతుంది. వారమంతా మిషన్ మీదకు వంచిన తల ఆదివారం పొద్దున ఒక్కపూట పైకెత్తుతుంది. నాకిదే షికారు అంటుంది. ఇన్నాళ్లలో ఒక్కసారి తప్పు చెప్పలేదు. గుంపులో మమ్మల్ని చూసి కుళ్లుకునేవాళ్లు ఉన్నారు.

ఇవాళ డ్రోన్‌కు కొత్త రెక్కలు కూడా వేసుకుని వెళ్లాను. చప్పుడు తక్కువ చేసేవి. పక్క కాలనీవాళ్లు గోల పెడుతున్నారని కెప్టెన్ అంటే అందరికంటే ముందు నేనే మార్చాను. ఇదివరకు తేనెటీగల గుంపు లేచినట్టుండేది. ఇప్పుడు టేబుల్ ఫ్యానంత. ఎంత మురిసిపోయానో. లేపాను, గుంట దాకా వెళ్లాను, వెనక్కి తిప్పుతూ పక్కకు జరిపాను. అక్క ఒక్క మాట అనలేదు. డ్రోన్ పక్కగా వెళ్లి ఫ్లడ్‌లైట్ స్తంభాన్ని కొట్టుకుని నీళ్లలో పడింది.

గాగుల్స్ పీకి చూస్తే ఆవిడ ఇంకో వైపు ఆకాశంలోకి చూస్తోంది. ఎటు చూస్తున్నావు అని అడిగాను. ఆవిడ జవాబు ఇది:

"నువ్వింకా లేపలేదనుకున్నానే."

అరికాలి మంట నెత్తికెక్కింది. అందరి ముందూ నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను.

మార్చి 4, సోమవారం

ఆఫీసులో నా పని ఊళ్లోవాళ్ల కోపం వినడం. లిఫ్టు ఆగిపోతే ఫోన్ నాకే వస్తుంది. ఇవాళ ఒకాయన రెండంతస్తుల మధ్య ఇరుక్కుని నా వంశాన్నంతా తిట్టాడు. "కంగారు పడకండి సార్, మా మనిషి బయల్దేరాడు, నేను లైన్లోనే ఉన్నాను," అని తేనె పూసినట్టు చెప్పాను. ఇంటికొచ్చి నా కోపం చెప్పుకుందామంటే లైన్లో ఎవరున్నారు?

ఈయన ఉన్నారు. అన్నం తింటూ విన్నారు.

"చూడూ, తోడికోడళ్ల గొడవలో నేను తలదూర్చను."

"ఇది తోడికోడళ్ల గొడవ కాదు. డ్రోన్ గొడవ."

"ఏదైతే ఏం. మగాళ్లం మేమిద్దరం బాగానే ఉన్నాం కదా," అని టీవీ వైపు తిరిగారు.

ఒళ్లు మండింది. ఇద్దరు ఆడవాళ్లు ఆకాశంలో గొడవ పడ్డా వీళ్లకు వంటింటి గొడవలాగే వినిపిస్తుంది.

మార్చి 5, మంగళవారం

సారీ చెప్పలేదు.

మార్చి 7, గురువారం

ఇంకా చెప్పలేదు. నేనేం ఎదురుచూడటం లేదు.

సాయంత్రం కెప్టెన్ దుకాణానికి వెళ్లాను. "పక్కమనిషి అక్కర్లేని డ్రోన్ ఇవ్వండి," అన్నాను. ఆయన టోపీ సర్దుకున్నాడు.

"గాగుల్స్ పెట్టుకుంటే ఏ డ్రోన్‌కైనా పక్కమనిషి కావాల్సిందేనమ్మా. రిమోట్‌కి ఫోన్ తగిలించుకుని, తలెత్తి డ్రోన్‌ను చూసుకుంటూ ఎగరేసేదైతే మీ కళ్లే చాలు. చేతులు వదిలేస్తే గాల్లో కదలకుండా నిలబడుతుంది. సిగ్నల్ పోతే లేచిన చోటికి తనే వస్తుంది. అడ్డం వస్తే ఆగిపోతుంది."

"మనుషుల కంటే నయం."

"ఏమైనా అన్నారా?"

"ఏం లేదు. చూపించండి."

రెండు చూపించాడు. ఒకదానికి నాలుగు వైపులా అడ్డం కనిపెట్టే సెన్సర్లున్నాయి. బరువు, సంచి కూడా పెద్దది. రెండోది అరచేతిలో ఇమిడిపోతుంది, ముందు వైపు మాత్రమే సెన్సర్లు. అదే నచ్చింది.

"దీనికి పక్కలకు కళ్లుండవు, మళ్లీ నన్ను అనకండి. పక్కకు జరిపేటప్పుడు మీరే చూసుకోవాలి," అన్నాడు.

"ముందున్నది చూసేవాళ్లే కరువైపోయారు కెప్టెన్ గారూ, ఇది చాలు."

స్టాకు లేదట, వారం దాటాక వస్తుందట. బ్యాటరీలు, మంటలంటుకోని బ్యాటరీ సంచి, విడి రెక్కల జతలు చెప్పాను. డ్రోన్ దిగడానికి నేల మీద పరిచే గుండ్రటి గుడ్డ కూడా తీసుకున్నాను. "మీకుందిగా, నారింజ రంగుది, ఎంత బాగుంటుందో," అన్నాడు. కర్టెన్ ముక్కలతో అక్క కుట్టిచ్చింది అది, అంచుకు లోపల ఇసుక కూడా పోసి కుట్టింది గాలికి లేవకుండా.

"అది పాతదైపోయింది," అన్నాను.

మార్చి 9, శనివారం

ఇదిగో, దీన్ని ఏమంటారో ఈయన చెప్పాలి. ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క గేటు వేస్తోంది. పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడ్డాను. నేనే ముందు మాట్లాడదామనుకున్నాను కూడా, నా బుద్ధి గడ్డి తిని. గొళ్లెం పెట్టి, నా భుజం పక్కనుంచే వెళ్లిపోయింది. తల తిప్పలేదు. నేను అక్కడ లేనట్టే.

తప్పు ఆవిడది, పెడమొహం నాకు.

మార్చి 10, ఆదివారం

మైదానానికి వెళ్లలేదు. డ్రోన్ లేదు కదా.

కిందికి పేపరు కోసం వెళ్లొచ్చిన ఈయన, "వదిన టోపీ పెట్టుకుని, నీళ్ల సీసా పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. నువ్వొస్తావనుకుంటోందేమో," అన్నారు.

ఎవరు రమ్మన్నారు? డ్రోన్ గుంటలో ఉందని ఆవిడకు తెలియదా?

చాలాసేపు కూర్చుందట.

మార్చి 14, గురువారం

వచ్చింది. పైకి వచ్చింది. నేను మంచం మీద సామానంతా పరుచుకుని పాత రిమోట్ విప్పుతున్నాను. మరలన్నీ చిన్న పళ్లెంలో పోసి స్టూలు మీద పెట్టాను. అక్క గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తున్నావే?" అంది. ఏం చేస్తున్నానో కనిపించడం లేదా అనబోయి ఊరుకున్నాను.

"లోపలికి రా," అన్నాను. చూశారా, నేనే రమ్మన్నాను. ఒకడుగు వేసింది, మోకాలితో స్టూలును తన్నింది. మరలన్నీ మంచం కిందా బీరువా కిందా దొర్లిపోయాయి.

"అయ్యో, చూసుకోలేదే," అంది.

"నువ్వు చూసుకోనిదేముంది ఈమధ్య," అన్నాను.

ఒంగి ఏరబోయింది. నేనే ఏరుకుంటానులే అన్నాను. వెళ్లిపోయింది. సారీ చెప్పడానికి వచ్చి సామాను తన్నిపోయే మనిషిని ఈవిడనే చూశాను. కావాలనే చేసింది. కిందటి నెల నా చొక్కా చేతి మీద గుండుసూదంత నూలు పోగును గది అవతలి నుంచి కనిపెట్టి తీసేసిన మనిషికి, కాళ్ల దగ్గరున్న స్టూలు కనిపించలేదంటే నమ్మాలా? సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తుంది ఇప్పటికీ. చూడాలనుకున్నవి చూస్తుంది ఆవిడ.

మార్చి 16, శనివారం

ఇక అయిపోయింది.

ఈయన తమ్ముడి వరసాయన కొత్త దుకాణం తెరిచాడు. చుట్టాలందరూ వచ్చారు. అందరికీ పళ్లాలు నేనే అందిస్తున్నాను. అక్క కుర్చీలో కూర్చుని ఎదురుగా ఎవరితోనో మాట్లాడుతోంది. పక్కనుంచి పళ్లెం అందించాను. తీసుకోలేదు. "అక్కా," అన్నాను. ఆ హడావిడిలో వినిపించలేదేమో అనుకోవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? పళ్లెం పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఎదురు కుర్చీలోని ఆవిడ నా చేతిని చూసింది, నా మొహం చూసింది, నవ్వాపుకుంది. పళ్లెం పట్టుకుపోయి వెనక్కి పెట్టేశాను. తల కొట్టేసినట్టయింది.

దారిలో స్కూటరు మీద ఈయన మొదలుపెట్టారు. "అందరి ముందూ ఏమిటది? ఇప్పుడు చుట్టాల్లో కూడా మొదలైంది, తోడికోడళ్ల గొడవట అని."

నా చెయ్యి గాల్లో ఉండిపోవడం ఎవరికీ కనిపించలేదు. గొడవ మాత్రం కనిపించింది.

ఇంకోటి. ఇంటి ముందు ఆటో దిగేటప్పుడు దాని అంచుకు భుజం కొట్టుకుంది ఆవిడ. మోచేతి దగ్గర అప్పటికే ఒక నల్లటి మచ్చ ఉంది. మంచి పనయింది అనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను, అంతే.

మార్చి 17, ఆదివారం

డ్రోన్ వచ్చింది. డాబా మీదకు తీసుకెళ్లాను. కొత్త గుడ్డ పరిచాను. గాలికి రెండుసార్లు ఎగిరిపోయింది, దాని మీద ఇటుకలు పెట్టాను.

లేపాను. చేతులు వదిలేస్తే నిజంగానే గాల్లో బొమ్మలా నిలబడింది. పిట్టగోడ మీదకు నేరుగా తోలాను. గోడకు ముందే ఆగి, ఇక వెళ్లనని మొరాయించింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. తర్వాత పక్కకు జరిపాను. నీళ్ల ట్యాంకు నుంచి దిగిన ఇనుప గొట్టం డ్రోన్‌కు పక్కనే ఉంది. దానికేమీ పట్టలేదు. నింపాదిగా వెళ్లి గొట్టాన్ని ఢీకొట్టి దబ్బుమని పడింది. రెండు రెక్కలు విరిగాయి. కెప్టెన్ చెప్పాడు, నేను చెవిన వేసుకోలేదు.

దరిద్రపుది. ఎదురుగా ఉన్నదైతే వెంట్రుక కూడా కనిపిస్తుంది. పక్కన ఏనుగు వచ్చి నిలబడ్డా తెలియదు. తెలియదని దానికి తెలియదు కూడా. ఎంత ధీమాగా వెళ్లి కొట్టుకుందో.

మార్చి 18, సోమవారం

నిన్న రాసింది పొద్దున చదివాను.

పళ్లెం పక్కనుంచి ఇచ్చాను. గేటు దగ్గర పక్కన నిలబడ్డాను. స్టూలు పక్కన ఉంది. ఆటో అంచు.

ఆఫీసుకు రానని ఫోన్ చేశాను.

మార్చి 18, మళ్లీ

కిందికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. బావగారు ఆఫీసుకు వెళ్లిపోయారు. అక్క మిషన్ ముందు కూర్చుని నీలం గుడ్డ కుడుతోంది. చప్పుడు చేయకుండా వెళ్లి ఎడమ పక్కన నిలబడ్డాను. కుట్టుకుంటూనే ఉంది. చెయ్యి చాపాను, చెవి పక్కన. కుట్టుకుంటూనే ఉంది. చేతిని మెల్లగా ముందుకు జరిపాను. చెంప దాటింది. ఇంకా కుట్టుకుంటోంది. నా వేళ్లు దాదాపు ఆమె ముక్కు ముందుకు వచ్చాక ఉలిక్కిపడి మిషన్ ఆపింది.

"ఎప్పుడొచ్చావే? దొంగలాగా."

ఇంకో వైపు కూడా అలాగే చేయబోతే చెయ్యి విదిలించుకుంది. "ఏమిటీ ఆటలు?"

"అక్కా, మైదానంలో డ్రోన్ ఎక్కడుందో నీకెలా తెలిసేది?"

"ఎలా ఏమిటి, చూసి."

"చూసేదానివా? నిజం చెప్పు."

ఆలోచించింది. "ముందు చప్పుడు వినాలి కదా. చప్పుడు ఏ వైపు నుంచి వస్తే అటు తిరిగి వెతుక్కోవాలి. దొరికాక వదలకుండా పట్టుకోవాలి. అందరూ అంతేగా?"

"అందరూ అంతే కాదు."

"మరి?"

"తల ఎత్తితే కనిపిస్తుంది అక్కా. ఆకాశమంతా ఒకేసారి కనిపిస్తుంది."

నమ్మలేదు. ఆకాశమంతా ఒకేసారి ఎలా కనిపిస్తుందే అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. చేతిలో గుడ్డను మడత పెట్టింది, మళ్లీ విప్పింది.

"ఆ రోజు చప్పుడే రాలేదే. అందుకే ఇంకా లేపలేదనుకున్నా. నువ్వు కళ్లున్నాయా నీకు అన్నావు చూడు, ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నా కూడా. ఉన్నాయనే అనుకున్నా."

అరిచాను. ఎవరి మీదో నాకే తెలియదు. గుమ్మాలు కొట్టుకుంటుంటే, మోచేతులు నల్లబడుతుంటే ఒక్క మాట చెప్పాలని తెలియదా అని అరిచాను. "ఏమని చెప్పాలే? నేను పరాకు మనిషినని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నారుగా," అంది. అప్పుడు ఇంకా గట్టిగా అరిచాను. వీధిలోవాళ్లు కిటికీల్లోంచి చూశారట. మాట్లాడుకున్నారట కూడా, తోడికోడళ్లు కొట్టుకుంటున్నారని.

మార్చి 20, బుధవారం

కళ్ల ఆసుపత్రి. అక్కను చీకటి గదిలో ఒక గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, చుక్కంత దీపం ఎక్కడ వెలిగినా చేతిలోని మీట నొక్కమన్నారు. నేను వెనక నిలబడ్డాను. అక్కడి అమ్మాయి ముందున్న తెరలో ఏ దీపం ఎక్కడ వెలుగుతోందో కనిపిస్తోంది. పక్కన వెలిగింది. అక్క నొక్కలేదు. కింద వెలిగింది. నొక్కలేదు. ఇంకో పక్కన వెలిగింది. అక్క గడ్డం కదల్చకుండా అడిగింది:

"ఇంకా మొదలుపెట్టలేదామ్మా?"

బయటికి వచ్చేశాను. కారిడార్‌లో గోడను ఒకటి గుద్దాను, చెయ్యి వాచింది.

గ్లకోమా అట. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా పక్కల నుంచి చూపును తినేసుకుంటూ వస్తుందట. నడిమధ్య చివరిదాకా బాగానే ఉంటుందట, అందుకే సూదిలో దారం. "పోయింది తిరిగి రాదు. చుక్కల మందు మానకుండా వేస్తే మిగిలింది నిలబడుతుంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేసుంటే మధ్యది కూడా పోయేది," అన్నాడు డాక్టరు, వాతావరణం చెప్పినట్టు.

ఇంకొన్నాళ్లు. నేను మూతి ముడుచుకుని కూర్చున్న రోజులు కూడా అందులో ఉన్నాయి. అది డాక్టరుకు తెలియదు.

ఆటోలో అక్క మందు సీసా మీది అక్షరాలు పైకి చదువుకుంటూ కూర్చుంది. "కంగారు పడకండి, నేను లైన్లోనే ఉన్నాను," అన్నాను ఆఫీసు గొంతుతో. నన్ను వింతగా చూసింది. తల పూర్తిగా నా వైపు తిప్పి చూసింది.

మార్చి 21, గురువారం

బావగారు: "మరి సూదిలో దారం ఎక్కిస్తుంది కదా?"

ఈయన: "మరి మీరిద్దరూ గొడవ పడ్డారనుకున్నామే?"

ఇద్దరికీ పళ్లాలు పక్కనుంచి పెట్టాలనిపించింది.

మార్చి 24, ఆదివారం

డ్రోన్ పట్టుకుని కిందికి వెళ్లాను. రెడీ అవ్వు, పాత రెక్కల లాంటివే వేయిస్తాను, చెవులు హోరెత్తేటట్టు అన్నాను.

"నేను రానే. గుడ్డిదాన్ని పక్కన పెట్టుకుని ఎగరేస్తావా? ఎవరి నెత్తి మీదన్నా పడితే?" అంది. కళ్లలో చుక్కలు వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. "నువ్వెళ్లు. ఆదివారం పూట కర్టెన్లు కుట్టుకుంటాను. చాలా ఉన్నాయి."

కర్టెన్లట. వారమంతా అవేగా. ఆ టోపీ మేకుకు తగిలించి ఉంది. దాన్ని చూస్తే దేన్నయినా విరగ్గొట్టాలనిపించింది. ఉన్న ఒక్క షికారూ పోయింది ఈవిడకు, పోనిచ్చి ఊరుకుంటోంది. ఊరుకోవడం నాకు నచ్చదు.

మార్చి 30, శనివారం

కెప్టెన్ దుకాణానికి అక్కను లాక్కెళ్లాను. కొత్త డ్రోన్‌కు గాగుల్స్ కూడా తగిలించవచ్చని, నా పాతవి దానికి పనికిరావని అడిగి తెలుసుకున్నాను. ఈసారి అవి పెట్టుకునేది అక్క. "పక్కమనిషి అక్కర్లేదన్నారుగా మీరు," అన్నాడు. ఒక చూపు చూశాను. నోరు మూసుకుని పెట్టెలు దించాడు.

మొదట ఖరీదైనవి పెట్టాడు, పెద్ద తెరవి. అందరూ ఎగబడేవి. సినిమా హాల్లో ముందు వరసలో కూర్చున్నట్టుంటుంది, నేను ఎప్పటి నుంచో కన్నేసి ఉంచినవే. డ్రోన్‌ను బల్ల మీద పెట్టి కెమెరా వీధి వైపు తిప్పాడు. అక్క పెట్టుకుంది.

"ఏం కనిపిస్తోంది?"

"ఎదురు కొట్టు బోర్డులో మధ్య అక్షరాలు."

ఇంకోటి. అదీ అంతే. అక్క మొహం చిన్నబోయింది, పదవే వెళ్దాం అంది. కదలనన్నాను. అరలో అడుగున దుమ్ము పట్టిన పెట్టె ఒకటి కనిపించింది. అదేమిటన్నాను.

"అది వద్దమ్మా. పాతది, మరీ చిన్న తెర. అగ్గిపెట్టెలో సినిమా చూసినట్టుంటుంది. కొన్నవాళ్లందరూ తిట్టి తిరిగి ఇచ్చేశారు."

"తియ్యండి."

అక్క పెట్టుకుంది. చెయ్యి గాల్లోకి చాపి దేన్నో పట్టుకోబోయినట్టు చేసింది.

"ఏమైందక్కా?"

"ఆగవే. ఈ చివర స్కూటరు ఉంది. ఆ చివర మందుల కొట్టు ఉంది." గాగుల్స్‌ను రెండు చేతులతో అదుముకుంది. "రెండూ ఉన్నాయి. తల తిప్పలేదు నేను. రెండూ ఒకేసారి ఉన్నాయి."

వీధి మొత్తం ఆ అగ్గిపెట్టెలో ఇమిడింది. ఆ అగ్గిపెట్టె ఆమెకు మిగిలిన చూపులో ఇమిడింది. కెప్టెన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన బట్టతల చూడటం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 9, మంగళవారం

డాబా మీద నేర్పుతున్నాను. ఈవిడకు నేర్పడం కంటే లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడటం నయం. "ఎడమ పుల్ల మెల్లగా" అంటే మిషన్ తొక్కినట్టు కాలు కూడా ఆడిస్తుంది. ఇవాళ ఇంకో రెక్క విరిగింది.

ఏప్రిల్ 17, బుధవారం

చుక్కలు వేసుకోవడం మర్చిపోయిందట. మర్చిపోయిందట. మెట్లు దిగి వెళ్లి తిట్టి వచ్చాను.

ఏప్రిల్ 28, ఆదివారం

ఇవాళ మైదానానికి వెళ్లాం. నారింజ రంగు గుడ్డ పరిచాం. గాలి బాగా ఉంది, అయినా కదల్లేదు. కొత్త గుడ్డను ఈయన స్కూటరు తుడవడానికి ఇచ్చేశాను.

గాగుల్స్ అక్కకు. రిమోట్ అక్క చేతిలో. పక్కమనిషిని నేను. గుంపంతా తమ డ్రోన్లు దించేసి మా వైపే చూస్తున్నారు. అక్క మెల్లగా లేపింది. మునిగిపోయిన నా డ్రోన్ ఉన్న గుంట మీదకు తీసుకెళ్లింది. క్వారీ అంచు దాకా వెళ్లింది. అక్కడ ఆపి, డ్రోన్ మొహాన్ని మా వైపు తిప్పింది.

"అదుగో మనిద్దరం. అదుగో కెప్టెన్. అందరూ ఉన్నారే. నువ్వు నాకు ఎడమ పక్కనున్నావు. ఇంత దగ్గరగా నిలబడ్డావా?"

ఆమె నోరు తెరుచుకుని ఉంది. గాగుల్స్ కింద చెంపలు తడిగా ఉన్నాయి. ఆ మొహంలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు, కుట్టుమిషన్ ముందు చూడలేదు, పెళ్లిళ్లలో చూడలేదు. చూస్తూ ఉండిపోయాను.

ఢాం అని వినిపించింది.

ఫ్లడ్‌లైట్ స్తంభం. పక్కగా జరుపుతూ కొట్టింది. పక్కలకు కళ్లు లేని డ్రోన్ కదా, పోయి పొదలో పడింది. అక్క గాగుల్స్ పీకింది. వెతుక్కుని మరీ నా మొహం పట్టుకుంది.

"ఎటు చూస్తున్నావే నువ్వు?"

పొద వైపు నడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పొద్దూ స్తంభం ఉందని? పక్కన నిలబెట్టింది ఎందుకు నిన్ను, దిష్టిబొమ్మలాగా? కళ్లున్నాయా నీకు?"

అందరి ముందూ అంది. అందరూ విన్నారు. ఇంకా చాలా అంది. అన్నీ ఇక్కడ రాయడానికి చోటు చాలదు. పొదంతా వెతికి డ్రోన్ తెచ్చి ఇస్తే దాన్ని ఒడిలో పెట్టుకుని ఇంటి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం మెట్ల దగ్గర కనిపించింది. నేను సరిగ్గా ఎదురుగా వెళ్లి నిలబడ్డాను, కనిపించేటట్టు. "అక్కా," అన్నాను. నన్ను చూసింది. బాగా చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పైకి వచ్చేసరికి ఈయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమిటి, మళ్లీ మొదలైందా తోడికోడళ్ల గొడవ?"

అవునన్నాను.